నీ బాంచెన్

మా అవ్వ రోజుకు ఎన్నిసార్లు ‘నీ బాంచెన్’ అంటుందో లెక్కపెట్టాలని ఒకసారి కూర్చున్నాను. నాలుగో తరగతి ఎండాకాలం సెలవులు, చేయడానికి ఇంకో పని లేదు. బొగ్గుముక్క తీసుకొని అరుగు పక్క గోడ మీద గీతలు గీయడం మొదలుపెట్టాను. పొద్దున దీపం ముట్టించి శ్రీశైలం మల్లన్నకు చెప్పింది ఒకటి. పొదుగు మీద చెయ్యి వేయనీయకుండా తన్నుతున్న బర్రెకు రెండు. ఉయ్యాలలో ఏడుస్తున్న మా చెల్లెకు ఎన్నో, వాటిని ఒక్కొక్కటిగా పట్టుకోవడం కష్టమైంది. పగటి అన్నాలకల్లా పద్నాలుగు గీతలయ్యాయి. సున్నం వేసిన గోడ పాడుచేశానని అమ్మ వచ్చి వీపు మీద ఒకటేసింది. అవ్వ అడ్డమొచ్చి, “నీ బాంచెన్, పోరణ్ని కొట్టకే” అంది. దాంతో పదిహేను.

అత్త కోడలితో ‘నేను నీ బానిసను’ అనడం నాకప్పుడు వింతగా అనిపించలేదు. ఆ మాటకు ఒక అర్థం ఉంటుందనే తెలియదు. అయ్యో, అబ్బా లాంటిదే అనుకున్నాను.

డిగ్రీలో మాకు తెలుగు చెప్పిన సారు ఒకరోజు ఈ మాటను బోర్డు మీద విడగొట్టి చూపించారు. బాంచ అంటే దాసి, బానిస. ‘దాసుడను’, ‘పేదవాడను’ అన్నప్పుడు చివర ఉండే ‘ను’ ఇక్కడా ఉంది. బాంచను, బాంచెను, బాంచెన్. అంటే ఇది ఉత్త ఊతపదం కాదు, పూర్తి వాక్యం. క్రియ కూడా అక్కర్లేకుండా, నేను నీ సొత్తును అని మనిషి తన నోటితో తాను ఒప్పుకోవడం. కోస్తా నుంచి వచ్చిన పిల్లలు నోట్సులో రాసుకున్నారు. మా నల్గొండ, పాలమూరు బ్యాచి మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంటికొక అవ్వ ఉంది కదా.

మా ఊరు దేవరకొండకు, డిండికి నడుమ. శ్రీశైలం రోడ్డుకు రెండు కిలోమీటర్లు లోపలికి. ఎక్స్‌ప్రెస్ బస్సులు మా స్టేజీలో ఆగవు. హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు అవ్వ కండక్టరు దగ్గరికి పోయి, “నీ బాంచెన్ కొడుకా, గా మర్రిచెట్టు కాడ జెర ఆపు” అనేది. సగం సార్లు ఆగేది. మబ్బు పట్టి వాన కురవకుండా పోతే మొగులుకు చెప్పేది. ఎవరికి చెబుతోందో పలికే తీరును బట్టి తెలిసిపోయేది. దేవుడికైతే ‘చే’ దగ్గర బాగా సాగేది, పిల్లలకైతే మెత్తగా, సగం ముద్దులో కలిసిపోయి వచ్చేది. మా దిక్కు వాళ్లకు దీంట్లో ఇంకో తేడా తెలుసు. ‘బాంచెన్’ ఒక్కటే వస్తే అది బతిమాలడం, గారాబం. వెనకాల ‘కాల్మొక్త’ తోడొచ్చిందంటే భయం. అవ్వ నోట ఆ రెండోది దేవుడి ముందు తప్ప నేను వినలేదు.

గోడ మీది నా లెక్క మాత్రం తప్పు. ఆ రోజు మా వాకిట్లో ఆ మాట అన్నది అవ్వ ఒక్కతే కాదు. మా జీతగాడి భార్య పొద్దున పెండ ఎత్తడానికి వచ్చి, పని అయిపోయినంక గిన్నె పట్టుకొని వాకిట్లో నిలబడి, “పటేలమ్మా, నీ బాంచెన్, ఇంత సల్ల పొయ్యి” అనేది. రోజూ అనేది, కాబట్టి ఆ రోజూ అనే ఉంటుంది. ఆమెకు నేను గీత గీయలేదు. కావాలని మానేసింది కాదు, నా చెవికి అది మాటగా తగలనే లేదు.

అవ్వ ఆమెను బతిమాలింది ఒకే ఒక్కసారి, అది కూడా అమ్మ చెప్తేనే తెలిసింది. మా చెల్లె పుట్టిన రాత్రి కాన్పు కష్టమైంది. బండి కట్టుకొని దేవరకొండ పోవాలంటే తెల్లారిపోతుంది. మంత్రసాని పని ఎరిగినది ఆమే. గడప బయటినుంచే తిరిగిపోయే మనిషిని అవ్వ చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి, “నీ బాంచెన్, నా కోడల్ని దక్కియ్యి తల్లీ” అని ఏడ్చిందట. తెల్లారేసరికి తల్లీబిడ్డా బాగున్నారు. ఆమెకు ఒక చీర, కుంచెడు జొన్నలు ఇచ్చారు. పురుడు వెళ్లినంక ఆమె మళ్లీ గిన్నెతో వాకిట్లోనే నిలబడింది.

ఆమె భర్తను ఇప్పుడు ‘ఆయన’ అని రాస్తున్నాను గాని, అప్పుడు మా ఇంట్లో అందరికీ ‘వాడు’. నాకంటే పాతికేళ్లు పెద్ద, అయినా పేరు చివర ‘గా’ తగిలించి పిలిచేవాణ్ని. ఆయన నన్ను ‘చిన్న పటేలా’ అనేవాడు. పేరు ఇక్కడ రాయను. మనవలు చదువుకొని ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఈ కథ వాళ్లది కూడా, పేరుతో చెప్పుకోవాలో వద్దో వాళ్లిష్టం.

జీతం అంటే ఇప్పుడు అందరికీ ఒకటో తారీకు, బ్యాంకు మెసేజి. మా దగ్గర ‘జీతముండుడు’ అంటే వేరు. పెండ్లికో దినాలకో పటేలు దగ్గర అప్పు తీసుకునేవాళ్లు. అది తీరేదాకా ఆ ఇంట్లో జీతముండేవాళ్లు. ఏడాదికి ఇంత అని మాట, ఉగాదికి లెక్క. రెండు జతల బట్టలు, చెప్పులు, ఒక గొంగడి, నెలకిన్ని జొన్నలు. లెక్క చూసినప్పుడు తిన్న గింజలు పోను, జరమొచ్చి రాని దినాలు పోను, విరిగిన కాడి పోను, నడుమ అవసరానికి తీసుకున్న పదులు ఇరవైలు పోను, అప్పు ఉన్నకాడనే ఉండేది. ఒక్కో ఉగాదికి పెరిగేది కూడా. మా నాయిన దగ్గర ఎర్రగుడ్డ అట్ట పుస్తకం ఒకటి ఉండేది. అందులో మా జీతగాడి బొటనవేలి ముద్ర చాలా పేజీల్లో ఉంది. మొదటి పేజీల్లో ఉన్న ముద్ర ఆయనది కాదు, వాళ్ల నాయినది.

మేం దొరలం కాదు. గడీ లేదు, గుర్రం లేదు. నలభై ఎకరాల చెలక, అందులో ఆముదాలు, జొన్న, కంది. బావి కింద మూడెకరాల వరి. పైగా మా తాత సంఘంలో తిరిగిన మనిషి. ఇదే నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంఘం ఆంధ్రమహాసభను మా దగ్గర ఉత్త ‘సంగం’ అనేవాళ్లు. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన సభ జరిగినప్పటి నుంచి అది ఊళ్లలోకి బాగా పాకింది. అప్పటి వెట్టి గురించి తాత చెబుతుంటే పిల్లలం కథలా వినేవాళ్లం. దొర ఊరికి వస్తే మేనా మోయాలి. కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, గొల్ల పొట్టేలు తోలాలి, చాకలి, మంగలి గడీలో చెయ్యాలి, దేనికీ పైస లేదు. దొర బిడ్డ పెండ్లయి అత్తగారింటికి పోతుంటే వెంట పని చేయడానికి ఆడపిల్లల్ని కూడా పంపేవాళ్లు. వాళ్లను ఆడబాపలనేవారు. వెట్టి అన్న మాట మనదే, చాకిరి పారసీ నుంచి వచ్చింది. నిజాం రాజ్యంలో ఆ రెండూ కలిసి ఒకటే మాటయి కూర్చున్నాయి. 1946 జూలై 4న కడవెండిలో సంగం మనిషి దొడ్డి కొమరయ్యను విసునూరు దేశ్‌ముఖు మనుషులు కాల్చి చంపారు. కడవెండి అప్పుడు నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. అక్కడి నుంచి మంట లేచింది. 1948 సెప్టెంబరులో యూనియన్ మిలిట్రీ వచ్చినంక సంగం దళాలు నల్లమలలోకి పోయాయి. వాళ్లకు మా తాత రొట్టెలు మోసిన రాత్రులు ఉన్నాయి. అవ్వే కాల్చేది, ఒక్కోసారి ముప్పై నలభై రొట్టెలు. పొగ బయటికి కనపడితే ప్రాణం మీదికొస్తుందని తడి గోనెసంచి అడ్డం కట్టి కాల్చేదట.

‘బాంచెన్ దొరా కాల్మొక్త’ అన్న చేతులే బందూకులు పట్టాయని మీటింగుల్లో చెబుతుంటారు. వినీ వినీ అరిగిపోయింది గాని అబద్ధం కాదు. ఇంటర్‌లో ఉండగా అలాంటి మీటింగు ఒకటి విని ఇంటికొచ్చి తాతను అడిగాను, సంగం వచ్చినంక ఊర్లో బాంచెన్ అనుడు ఆగిందా అని. తాత చుట్ట కొస తుంచి, కాసేపు చూసి, “దొరకు అనుడు ఆగింది” అన్నాడు. అంతే. ఇంకోమాట పొడిగించలేదు. నేనూ అడగలేదు. అప్పటికే నాకు కొంత తెలుసు, బందెలదొడ్డి కాడ తెలిసింది.

బందెలదొడ్డి ఇప్పటి పిల్లలకు తెలియదు. పంచాయతీ ఆఫీసు పక్కన నడుమెత్తు రాతిగోడ, ఒక కర్రల తడక. ఎవరి చేన్లోనన్నా పడి మేసిన పశువును ఆ చేను వాళ్లు తోలుకొచ్చి అందులో పెట్టేవాళ్లు. జరిమానా కట్టి విడిపించుకోవాల్సి వచ్చేది. ఎన్ని రోజులుంటే అంత లెక్క. లోపల పడ్డ పశువు చూపు వేరే ఉండేది. తల గోడమీద పెట్టి దారి వంకే చూస్తూ ఉండేది.

1984, నేను ఐదో తరగతి. జొన్న కంకి పట్టే రోజులు. రాత్రి మా బర్రె తలుగు తెంపుకొని పోయి పక్కవాళ్ల చేన్లో పడింది. పొద్దున్నే దొడ్డిలో ఉందని కబురు. నాయిన అయిదు రూపాయల నోటు తీసి నా చేతికిచ్చాడు. వెంట జీతగాణ్ని పంపాడు. బర్రెను తోలుకొచ్చేది ఆయన, పైసలు పట్టుకునేది నేను. అది అప్పుడు సహజంగానే అనిపించింది.

దొడ్డి కాడ ఊరి కావలిదారు సుంకరి పది రూపాయలన్నాడు. నా దగ్గర అయిదే ఉన్నాయి. నాకు తెలిసిన ఉపాయం నేను చెప్పాను, మెల్లగా చెవిలో: “నీ బాంచెన్ అని అడుగు, ఇడుస్తడు.”

ఆయన నన్ను చూసి నవ్వాడు. “గానికి నేనెందుకంట చిన్న పటేలా? గాడు నా అసోంటోడే గద. అనేటందుకు మీ నాయిన ఉన్నడు, సాలదా?” అన్నాడు. తర్వాత సుంకరి దిక్కు తిరిగి, “అయిదే ఉన్నయి, తీస్కో. బర్రెకైతె అయిదో పదో. నన్నిడిపియ్యాల్నంటె ఎంతనో గా రేటు గూడ జెప్పరాదు” అన్నాడు.

సుంకరి పడీపడీ నవ్వాడు. అయిదుకే విడిచిపెట్టాడు. ఇద్దరూ గోడకానుకొని చెరొక బీడీ తాగారు. బర్రె మీద కూర్చోబెట్టి నన్ను ఇంటికి తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఆ జోకు నాలో నేను చెప్పుకొని నవ్వుకుంటూ వచ్చాను. పెద్దవాళ్లు నవ్వే జోకు నాకూ అర్థమైందని గర్వం.

రాత్రి అన్నాల కాడ దాన్ని చెప్పేశాను. గొంతు మార్చి, ఆయన లాగే యాస పెట్టి చెప్పాను. అమ్మ నవ్వబోయి నాయిన మొహం చూసి ఆగిపోయింది. నాయిన చెయ్యి కడుక్కున్నాడు. అవ్వ, “నవ్వులాటకన్నడు తియ్, పోరనికేం దెల్సు” అంది. నాయిన లేచి లాంతరు దగ్గర పెట్టుకొని ఎర్ర పుస్తకం తీశాడు. తలుగు సరిగా కట్టలేదన్న నేరం కింద ఆ అయిదు రూపాయలు ఆయన లెక్కలో రాశాడు. అంతకుముందు రాయాలని అనుకోలేదట. ఇది అమ్మ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. చెప్పకున్నా బాగుండేది.

తెల్లారి వాకిట్లో నాయిన ఏదో అరవడం, ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని, “తప్పయింది పటేలా, నీ బాంచెన్, కాల్మొక్త” అనడం కిటికీలోంచి చూశాను. రెండు మాటలూ వచ్చాయి, వరుసగా. ఆ మాటకు అర్థం ఉందని నాకు డిగ్రీ సారు చెప్పడానికి ఎంతో ముందే ఆ పొద్దున తెలిసింది, చివరి ‘ను’ గురించి తెలియకపోయినా. ఆయన నన్ను ఏమీ అనలేదు. ఎప్పటిలాగే బావి కాడికి తీసుకుపోయేవాడు, ఈత కూడా ఆయనే నేర్పాడు, నడుముకు ఎండిన సొరకాయ కట్టి. కానీ నా ముందు మళ్లీ జోకు వేయలేదు.

ఆ ఎర్ర పుస్తకానికి చట్టంలో విలువ లేదని గ్రూప్ టూ కోచింగులో చదువుకున్నాను. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం. కట్టు కూలీలంతా విడుదలయినట్టే, వాళ్ల మీద ఉన్న ఆ అప్పులన్నీ రద్దయినట్టే. అంటే బందెలదొడ్డి నాటికే ఆయన ఎనిమిదేళ్లుగా స్వతంత్రుడు. మా ఊర్లో ఎవరికీ తెలియదు. రాజ్యాంగం ఇరవై మూడో అధికరణం కూడా అప్పుడే చూశాను. ఇంగ్లీషులో రాసుకున్న రాజ్యాంగంలో అక్కడ ‘బేగార్’ అని మన దేశపు మాటే పెట్టారు. దానికి సరిపోయే ఇంగ్లీషు మాట దొరకలేదు కాబోలు. కోచింగు సారు దాన్ని ముఖ్యమైన బిట్టు అని అండర్‌లైన్ చేయించాడు. పరీక్షలో రాలేదు.

1987 ఉగాదికి ఆయన జీతం విడిచాడు. పాలమూరు దిక్కు నుంచి గుంపు మేస్త్రీ ఒకడు వచ్చి అడ్వాన్సు ఇచ్చాడు. ఆ అడ్వాన్సు తెచ్చి మా నాయిన ముందు పెట్టి, పుస్తకంలో గీత కొట్టించుకున్నాడు. మా అప్పు పోయి మేస్త్రీ అప్పు వచ్చిందన్నమాట. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక సద్ది మూట, గంపకింద కోడి. లారీ ఎక్కి ఎక్కడో కాలువ పనికి పోయారు. అట్లా పోవడాన్ని మా దగ్గర ‘దేశం పోవుడు’ అంటారు. ఏ దేశమో అడిగేవాళ్లు ఉండరు. డ్యాములు, కాలువలు ఎక్కడ కట్టినా పాలమూరు లేబర్ అని ఒక పేరుంది కదా, ఆ పేరులో వీళ్లూ కలిసిపోయారు. అవ్వ రోడ్డు దాకా పోయి సాగనంపింది. ఆ వయసులో రెండు కిలోమీటర్లు నడిచింది. అక్కడ ఏమందో నేను వినలేదు.

అవ్వ పోయింది. తాత అంతకుముందే పోయాడు. హైదరాబాదులో మా బిడ్డకు బాంచెన్ అన్నది ఫోన్లో వచ్చే మీమ్. ఫ్రెండు ఛార్జరు అడగడానికి కూడా “నీ బాంచెన్ ఇయ్యరాదు” అని మెసేజి పెడుతుంది. తిట్టబోయి ఊరుకుంటాను. మా అవ్వ బర్రెకు చెప్పలేదా.

2018 మేలో రైతుబంధు మొదటి చెక్కులు ఇచ్చినప్పుడు నాయినకు మోకాళ్ల నొప్పులుంటే ఆయన వెంట ఊరికి పోయాను. ఎకరానికి నాలుగు వేలు, కొత్త పాసుబుక్కుతో పాటు. బడి ముందర షామియానా వేశారు, ఎండ మండిపోతోంది. లైనులో నా ముందు ఒక ముసలాయన, చేతికర్ర, నెత్తికి తువ్వాల. చేతిలో పాసుబుక్కు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంది. తిరిగి చూసేదాకా పోల్చలేదు. ప్రభుత్వం ఇచ్చిన లావణి పట్టా భూమి ముప్పై గుంటలు, అంటే ముప్పావు ఎకరం ఉందట, మూడు వేలు వస్తాయి.

“ఏం సారూ, బాగున్నవా?” అన్నాడు. సారూ అన్నాడు, చిన్న పటేలా అనలేదు. ‘బాగున్న పెద్దనాయినా’ అన్నాను. ఆ పిలుపు నా నోట్లోంచి మొదటిసారి రావడం వల్ల కొంచెం తడబడ్డాను. ఆయన దాన్ని పట్టించుకున్నట్టు లేదు. భార్య పోయి ఆరేళ్లయిందని చెప్పాడు. కాలువ పనిలో వేలు ఒకటి పోయిందని చూపించాడు. నాయిన కుర్చీలో కూర్చొని ఉంటే దగ్గరికి పోయి పలకరించాడు, నాయిన లేవబోతే “కూసో, కూసో” అని భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ మోకాళ్ల గురించి మాట్లాడుకున్నారు, ఏ నూనె మంచిదో.

నాకు ముప్పై నాలుగేళ్లుగా గొంతులో ఉన్నది అడగాలనిపించింది. నాయిన పక్కకు పోయినప్పుడు బందెలదొడ్డి సంగతి ఎత్తాను, అయిదు రూపాయలు, సుంకరి, నేను ఇంట్లో చెప్పడం. ఆయన కండ్లు చిన్నవి చేసి ఆలోచించాడు.

“గా సుట్ట కొమ్ముల బర్రెనా? మస్తు పాలిచ్చేది గది” అన్నాడు.

నిజంగా మరిచిపోయాడో, మరిచిపోయినట్టు ఉన్నాడో నాకు తెలియలేదు. ఇంతలో మైకులో పేరు పిలిచారు, వెనకాల ‘గాడు’ లేకుండా, ఇంటిపేరుతో సహా. పోయి వేలిముద్ర వేసి చెక్కు తెచ్చుకున్నాడు. మనవరాలి బిడ్డ, మూడేళ్లుంటాయేమో, కాళ్లకు చుట్టుకొని ఆ కాగితం తనకివ్వమని గుంజుతోంది. ఆయన చెక్కును నెత్తిమీదికి ఎత్తిపట్టుకొని, పండ్లు లేని నోటితో నవ్వుతూ అంటున్నాడు:

“నీ బాంచెన్ బిడ్డా, సింపకే.”